పావురాలకు భయం నేర్పిన చలికాలం

కొత్తగా డ్రోన్ కొన్న కుర్రాళ్లు ఎవరో ఒకరు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ వస్తారు. పెళ్లి వీడియోల్లోనే జుట్టు నెరిసినవాణ్ని కదా, పెద్దాయనకి తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. వచ్చి అడిగేది ఒకటే. "పక్షి ఎదురొస్తే ఏం చేయాలండీ?"

నేను చెప్పేదీ ఒకటే. కాకులు మూగితే పంతానికి పోకుండా దించెయ్యి. గద్ద మీదికొస్తే కంగారుపడి కిందికి దించకు, నిలువుగా పైకి లేపు, అది అంత నిట్టనిలువుగా లేవలేదు. ఏట్రింత గూడు పెట్టిన చెట్టు దరిదాపులకే పోకు, జానెడు పిట్టే గానీ దాని నోటికీ ముక్కుకీ ఎవడూ ఆగలేడు. ఇంతవరకూ విని, దండం పెట్టి వెళ్లిపోతారు. పక్షి భయపడకపోతే ఏం చేయాలని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఆ ప్రశ్న ఉంటుందని వాళ్లకి తోచదు. నాకూ తోచలేదు లెండి, ఒక చలికాలం వచ్చి నేర్పిందాకా. అందుకే అడగకపోయినా చెబుతున్నాను.

నేను బెజవాడలో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు తీసి రిటైరైనవాణ్ని. గుమ్మడికాయంత కెమెరా భుజాన మోసిన రోజుల నుంచీ ఉన్నాను. వెనక ఒకడు లైటు పట్టుకుని నడిచేవాడు. ఆ వేడికి పెళ్లికూతురి కల్యాణ తిలకం కారిపోతే వాళ్ల పిన్నమ్మలు మమ్మల్ని తిట్టేవాళ్లు. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు గానీ మా విద్యలో ఆ కూడైనా వేళకి దొరకదు. ఊరంతా తిని, వడ్డించేవాళ్లు చేతులు కడుక్కున్నాక అప్పుడు మా విస్తరి. భుజం ఇక మోయనని మొరాయించిన రోజుల్లో ఒక చిన్న డ్రోన్ కొనుక్కున్నాను. ఉద్యోగానికి కాదు, అచ్చంగా సరదాకి. అరచేతిలో పట్టేది. పొద్దున్నే భవానీపురంలో ఏటి ఒడ్డుకి పోయి ఎగరేసుకునేవాణ్ని. "ఈ వయసులో బొమ్మలాటలేంటండీ, వీధిలో నవ్వుతున్నారు" అని మా ఆవిడ విసుక్కునేది. మా ఓనరుకి సంగతి తెలిసి, "ఎలాగూ ఉందిగా, పెళ్లిళ్లకి కూడా పట్టుకురండి" అన్నాడు. సరదా కాస్తా మళ్లీ డ్యూటీ అయిపోయింది.

మా స్టూడియోలో మిక్సింగ్ చేసేవాణ్ని అందరం భాయ్ అనేవాళ్లం. మిక్సింగ్ అంటే మేం రోజుల తరబడి తీసుకొచ్చిన బొమ్మనంతా కోసి, అతికి, పాటలు వేసి, పెళ్లివాళ్లు ఇంట్లో కూర్చుని కళ్లు తుడుచుకునేలా చేయడం. కిటికీ లేని గది, ఏసీ హోరు, రెండు స్క్రీన్లు. వయసంతా ఆ గదిలోనే గడిపాడు. ఊళ్లో ఎవరి పెళ్లి ఎలా జరిగిందో అతనికి తెలిసినట్టు పంతుళ్లకి కూడా తెలియదు. మనిషి మాత్రం ఒక్క పెళ్లికీ వచ్చేవాడు కాదు. "అన్నా, ఏడుపులూ నవ్వులూ అన్నీ నా టేబుల్ మీదికే వస్తుంటే నేను రావడం ఎందుకు" అనేవాడు.

అతను వెలుతురు చూసేది వాళ్ల డాబా మీదే. మా ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు. డాబా మీద చెక్కపెట్టెల్లో పావురాలు. వాళ్ల నాన్న పెంచిన జాతి, తెల్లటి ఒళ్లు, తెల్లటి కళ్లు. పొద్దున్నే వదిలితే ఎండెక్కేదాకా దిగవు, మనకి చుక్కల్లా కనిపించేంత ఎత్తుకి పోయి అక్కడే తిరుగుతుంటాయి. భాయ్ పీట వేసుకుని మెడ వెనక్కి వంచి చూస్తూ కూర్చునేవాడు. వాళ్లావిడ నన్ను అన్నయ్యా అని పిలిచేది. నాకు చెల్లెమ్మే. ఆవిడకి పావురాలంటే ఒళ్లు మంట. "చూడండన్నయ్యా, నాకు జ్వరం వస్తే మాత్ర తేవడానికి తీరిక ఉండదు గానీ, వీటికి తుమ్మొస్తే వన్‌టౌన్ అంతా తిరిగొస్తాడు" అనేది. అంటూనే చేటలో సజ్జలు చెరిగి రాళ్లు ఏరి పెట్టేది.

ఇక అసలు సంగతి. పామర్రు దగ్గర ఒక పెళ్లి. చుట్టూ పొలాలు, మధ్యలో కొత్త ఫంక్షన్ హాలు. దండలు మార్చుకున్నాక వధూవరులు బుట్టలోంచి పావురాల్ని ఎగరేయాలి, నేను పైనుంచి డ్రోన్‌తో తీయాలి. ఈవెంట్ వాళ్లు ఎక్కడి నుంచో అద్దె పావురాలు తెచ్చారు. మూత తీయగానే అవి ఒక్క ఊపున లేచాయి, పైన నా డ్రోన్‌ని చూశాయి, అంతే. ఒకటి జనరేటర్ వెనక దూరింది, రెండు భోజనాల బల్లల కిందికి పోయాయి, ఒకటి పెళ్లికొడుకు మేనమామ తల మీద వాలి అక్కణ్నుంచి కదలనంది. పెళ్లికూతురి తండ్రి నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అన్నాడు. "ఏవండీ, మా అమ్మాయి పెళ్లి చూసి పావురాలు కూడా పారిపోయాయని జనం అనుకోరూ?"

ఆ బొమ్మ భాయ్ టేబుల్ మీదికి పోయింది. నన్ను పిలిచి, ఆ ముక్కని మళ్లీ మళ్లీ వేసి చూపించాడు. "వాటి తప్పు కాదన్నా. పైన ఏదన్నా ఆగి ఉంటే పావురానికి అది డేగే. దాని రక్తంలోనే ఉంది. నా పిల్లలకి అలవాటు చేస్తాను, మీరు ఆ డ్రోన్ మిషన్ పట్రండి" అన్నాడు. తన పావురాల్ని పిల్లలనేవాడు. పెళ్లివాళ్ల కోసం నీకెందుకయ్యా ఇంత తాపత్రయం అన్నాను. అప్పుడు చెప్పాడు. "పెళ్లి కోసం కాదన్నా. మా నాన్న జీవితమంతా కింద కూర్చుని చుక్కల్నే చూసి పోయాడు. నేనూ అంతే. అంత ఎత్తులో అవి ఎలా ఉంటాయో, ఒకదాన్నొకటి ఎలా చూసుకుంటాయో, ఒక్కసారి వాటి మధ్య నుంచి చూడాలి."

అది విన్నాక మర్నాడే డ్రోన్ పట్టుకుపోయాను. మొదట డ్రోన్‌ని ఆపేసి డాబా మీద పెట్టి దాని చుట్టూ గింజలు చల్లాం. ఒక పూటంతా దూరంగా గోడెక్కి కూర్చున్నాయి. ఆకలి భయం కన్నా పెద్దదని మర్నాటికి తేలింది. తర్వాత రెక్కలు తీసేసి ఉత్త మోటారు చప్పుడు వినిపించాం. తర్వాత డ్రోన్ పైనుంచి దిగితేనే గింజలు పడేట్టు చేశాం. భాయ్ ఎంత ఓపిగ్గా చేశాడంటే, చదువు రాని పిల్లకి అక్షరాలు దిద్దించినట్టే. వాటిలో ఒక పెంటి పావురం ఉండేది, భాయ్ వాళ్ల నాన్న చేతిలో పెరిగిన జంటకి పుట్టింది, మిగతావన్నీ దాని వెనకే పోయేవి. మొట్టమొదట డ్రోన్ మీద ఎక్కి కూర్చున్నది అదే. చెల్లెమ్మ అది చూసి, "నా పెళ్లిలో నాకు కూడా ఇంత మర్యాద జరగలేదు" అంది. ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వుకున్నామో.

ఒక పొద్దున డ్రోన్ పైకి లేపితే అవి మా కంటే ముందే లేచి దాని చుట్టూ తిరిగాయి. ఫోన్ తెరని భాయ్ చేతిలో పెట్టాను. తెర నిండా తెల్లటి రెక్కలు, వాటి కింద ఏరు, బ్యారేజీ, రైలు వంతెన, మా వీధులు. ఒక పావురం పక్కకి వచ్చి కెమెరాలోకి ఒంటికన్నుతో చూసింది. ఎన్ని వేల పెళ్లిళ్లు కోసి అతికినవాడో, ఆ తెర చూస్తూ డాబా మీద చతికిలబడిపోయాడు. "మా నాన్నకి చూపించాల్సిందన్నా" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేయి ఖాళీ చేసుకోలేదు.

ఆ తర్వాత పెళ్లిళ్లకి వాటినే తీసుకుపోయాం. అవి వధూవరుల చుట్టూ, డ్రోన్ చుట్టూ ఒక చుట్టు చుట్టి బెజవాడ దారి పట్టేవి. మేం సామాను సర్దుకుని, ఆకలితో మాడి, కంకిపాడు దాటుతుండగా చెల్లెమ్మ ఫోను చేసేది. "మీ పెళ్లివాళ్లు ఎప్పుడో వచ్చేశారు, భోజనాలు కూడా అయిపోయాయి. మీరెక్కడ?" ఓనరు ఆనందం చెప్పనక్కర్లేదు. నాకూ రిటైరయ్యే ముందు మంచి రోజులొచ్చాయనిపించింది. అవి ఎక్కడా దేనికీ బెదరడం లేదని భాయ్ అందరికీ చెప్పుకునేవాడు. మేం దాన్ని గొప్పనుకున్నాం.

చలికాలంలో మూఢం వచ్చింది. మూఢంలో ముహూర్తాలుండవు, స్టూడియోలో ఈగలు తోలుకోవడమే పని. ఆ రోజు పొద్దున్నే భాయ్ డాబా మీద టీ తాగుతున్నాం. డ్రోన్ సంచిలోనే ఉంది. మంచు విడుతోంది. పావురాలు ఏటి వైపు తిరుగుతున్నాయి. భాయ్ ఉన్నట్టుండి గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, "అన్నా, పైన" అన్నాడు.

పావురాల కంటే చాలా ఎత్తున నల్లగా, సన్నగా ఒకటి కదులుతోంది. ఏటా చలికాలంలో ఎక్కడి నుంచో వచ్చి మా పేటలో సెల్ టవర్ మీద కాపురం పెట్టే పెద్ద డేగ. కొత్తది కాదు. అది కనపడితే పావురాలన్నీ ఒక్క ముద్దగా దగ్గరికి జరిగి, వంకరలు తిరుగుతూ, రాళ్లు విసిరినట్టు వచ్చి డాబా మీద పడేవి. ఏ ముసలిదో, రోగిష్టిదో దొరికితే దొరికేది గానీ గుంపుకి ఏమీ అయ్యేది కాదు.

ఆ రోజు అవి దగ్గరికి జరగలేదు. పైన ఏదో ఉందని చూశాయి. పైన ఉండేది గింజలు తెచ్చేదేగా. తీరిగ్గా, విడివిడిగా, దాని వైపే లేచాయి. ఆ పెంటి పావురం అన్నిటికంటే ముందుంది.

భాయ్ గింజల డబ్బా అందుకుని ఊపాడు. గొంతు చించుకుని పిలిచాడు. డేగ రెక్కలు ముడుచుకుని పడింది. గుప్పెడు తెల్ల ఈకలు గాలిలో నిలిచిపోయాయి, కింద ఏమీ లేదు. నాకు ఇప్పటికీ మరుపు రానిది ఆ పెంటి పావురం పోవడం కూడా కాదు. మిగతావి చెదరలేదు. అక్కడే ఇంకో రెండు చుట్లు తిరిగి, డబ్బా చప్పుడు విని, ఏమీ జరగనట్టు దిగి మా కాళ్ల దగ్గర గింజలు తిన్నాయి. భాయ్ వాటి మధ్య నిలబడి, "ఒక్కటీ భయపడలేదన్నా" అన్నాడు. చెల్లెమ్మ మెట్ల దగ్గర నిలబడి అంతా చూసింది. పావురాల్ని రోజూ తిట్టే మనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిందికి వెళ్లిపోయింది.

డేగకి తెలిసిపోయింది ఇక్కడ కష్టపడక్కర్లేదని. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. భాయ్ వాటిని పెట్టెల్లోనే ఉంచి చూశాడు. ఎగిరే పావురాన్ని పెట్టెలో ఉంచితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, గుడ్లు తొక్కేస్తాయి, తిండి మానేస్తాయి. పోనీ వేరే వాళ్లకి ఇద్దామన్నా, వదిలిన పూటకే ఇంటికొచ్చేస్తాయి. తలుపు తీస్తే డేగ, మూస్తే దిగులు. వాళ్ల నాన్న నాటి గుంపు రోజుకింత తరిగిపోతుంటే భాయ్ మనిషి సగమైపోయాడు.

ఒక మధ్యాహ్నం మిక్సింగ్ గదిలోకి పిలిచాడు. తెర మీద ఏదో పెళ్లి ఆపి ఉంది. దాన్ని చూడకుండా గోడవైపు చూస్తూ మాట్లాడాడు. "మా నాన్న పోయేటప్పుడు ఇల్లు చూసుకో అనలేదన్నా. అమ్మని చూసుకో అని కూడా అనలేదు. వీటిని చూసుకో అన్నాడు. పావురానికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. దేవుడిచ్చింది భయం ఒక్కటే. దాన్ని నేను ముద్దుచేసి లాగేశాను."

నేను ఏదో ఓదార్చబోయాను. వినిపించుకోలేదు. "మచ్చిక చేసింది ఆ మిషనేగా. భయం కూడా దానితోనే పెట్టాలి. మీరే చేయాలన్నా."

"నా వల్ల కాదు భాయ్. నీ పిల్లలు, నీ డాబా. మిషన్ ఇస్తాను, నువ్వే చెయ్యి" అన్నాను.

"నేను తరిమితే ఇక ఇంటికెందుకు వస్తాయన్నా? దిగడానికి వాటికి ఒక మనిషి ఉండాలి. పారిపోవడానికి ఒక మనిషి ఉండాలి. ఇద్దరూ ఒకరే అయితే ఎలా?"

సరేనన్నాను. ఉద్యోగంలో నాకు ఎన్నో డ్యూటీలు వేశారు గానీ, ఇంత చేదు డ్యూటీ ఎవరూ వేయలేదు.

డ్రోన్ రెక్కలకి చుట్టూ ప్లాస్టిక్ కమ్మీలు తగిలించాను, తగిలినా తెగకుండా. మొదటి రోజు డాబా ఎక్కేసరికి పావురాలన్నీ నా కాళ్ల చుట్టూ చేరాయి. ఒకటి నా చెప్పు మీద ఎక్కి నిలబడింది. భాయ్ లోపల గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. చెల్లెమ్మ స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని నిలబడింది. నేను డ్రోన్ లేపి వాటి మీదికి తోలాను, ఆవిడ పళ్లెం వాయించింది. అవి పక్కకి జరిగి మళ్లీ దగ్గరికి వచ్చాయి. మళ్లీ తోలాను. మళ్లీ వచ్చాయి. చెల్లెమ్మ గరిటె దించేసింది. "అన్నయ్యా, మీరు ఆడుకుంటున్నారనుకుంటున్నాయి" అంది.

మర్నాటి నుంచి నేను కూడా అరవడం మొదలుపెట్టాను. టవల్ పెట్టి కొట్టినంత పని చేశాను. ఎత్తున ఆపి, అవి గింజలు తింటుండగా ఒక్కసారిగా మీదికి దింపేవాణ్ని. చెల్లాచెదురైపోయేవి. నేను మెట్లు దిగాక భాయ్ బయటికొచ్చి, డబ్బా ఊపి, వాటితో మాట్లాడి, గింజలు వేసేవాడు. నేను తరిమేవాణ్ని, అతను పిలిచేవాడు. రోజూ ఇదే. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే సయించేది కాదు. "పావురాల కోసం మీకింత దిగులేంటండీ" అని మా ఆవిడ అడిగితే, వాటి కోసం కాదని చెప్పాలనిపించేది. నన్ను చూసి సంతోషపడే ప్రాణుల్ని ఒక్కొక్కటిగా నా చేత్తో దూరం చేసుకుంటున్నాను. ఆ ముక్క బయటికి అనడానికి సిగ్గేసింది.

మెల్లమెల్లగా వాటికి భయం అంటుకుంది. మోటారు చప్పుడుకే లేవడం మొదలైంది. తర్వాత సంచి జిప్పు చప్పుడుకే. భాయ్ వాటిని కాసేపు ఎగరనిచ్చేవాడు, నేను డ్రోన్‌తో వాటి పైకి పోయి మీదికి దిగేవాణ్ని. మొదట్లో విడివిడిగా పారిపోయేవి. ఒక రోజు ముద్దగా అయ్యాయి. తెర మీద ఖాళీ ఆకాశం మిగిలింది. భాయ్ ఆ తెరలోకి తొంగి చూసి, "బాగుందన్నా, రేపటి నుంచి మిషన్ వద్దు" అన్నాడు. వాటి మధ్య నుంచి చూడటం ఇక అతనికి లేదు.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దున, ఊరికే చూసి పోదామని వాళ్లింటికి నడుచుకుంటూ వెళ్తున్నాను. చేతిలో సంచి కూడా లేదు. వీధి మొదట్లోనే తలెత్తి చూస్తే పావురాలు, వాటి పైన ఆ నల్లటిది. వీధిలోనే ఆగిపోయాను. టీ కొట్టు దగ్గర జనం నన్ను చూసి ఏంటా అని వాళ్లూ తలలెత్తారు. డేగ ముడుచుకుంది. పావురాలు దగ్గరికి జరిగాయి. ఎంత దగ్గరికి అంటే ఒక్కటే వస్తువులా. ఇటు వంగాయి, అటు వంగాయి, జారిపోయి ఇళ్ల కప్పుల వెనక్కి రాలిపోయాయి. డేగ ఉత్త కాళ్లతో పైకి లేచింది.

నాకు వయసు గుర్తులేదు. పరుగెత్తుకుంటూ మెట్లెక్కి డాబా మీదికి వచ్చాను. పావురాలు ఇంకా నేల మీదే ఉన్నాయి, రొప్పుతూ, ఒకటొకటే పెట్టెల్లోకి దూరుతున్నాయి. భాయ్ వాటి మధ్య డబ్బా పట్టుకుని వంగి ఉన్నాడు. అతని మొహం చూసి ఏదో అనబోయాను.

అవి నన్ను చూశాయి. ఒక్కటి కూడా ఆగలేదు. పెట్టె గుమ్మంలో ఉన్నవి కూడా వెనక్కి తిరిగి లేచాయి, డేగ ఇంకా తిరుగుతున్న ఆకాశంలోకి.

భాయ్ అరవలేదు. "దిగండన్నా" అన్నాడు. "దండం పెడతాను, కిందికి దిగండి."

వెనక్కి వెనక్కి నడిచి, మెట్లు మలుపు తిరిగే చోటికి దిగి కూలబడ్డాను. గోడకి ఆనుకుని, నా ఊపిరి చప్పుడు కూడా పైకి వినపడకూడదన్నట్టు కూర్చున్నాను. పైన డబ్బా గలగల, భాయ్ పిలుపు. ఆగడం, మళ్లీ పిలవడం. ఎంతసేపటికీ రెక్కల చప్పుడు లేదు. నేను ఎన్నడూ మొక్కని దేవుళ్లకి కూడా మొక్కాను. చివరికి ఒక జత రెక్కలు వాలిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా. పెట్టెల గడియలు పడ్డాయి.

"వచ్చాయన్నా" అన్నాడు భాయ్ పైనుంచి. "అన్నీ వచ్చాయి." ఆ తర్వాత అతను ఏడవడం వినిపించింది. నేను లేచి పోయి భుజం మీద చేయి వేయలేను. మెట్టు మీదే ఉండి, "సంతోషం భాయ్" అన్నాను. అది అతనికి వినపడిందో లేదో.

చెల్లెమ్మ టీ తెచ్చింది. ఇచ్చి, పక్క మెట్టు మీద కూర్చుని, కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "అన్నయ్యా, మీరు ఏమీ అనుకోకండి. ఇక మీదట పైకి రావద్దు. ఎప్పుడొచ్చినా టీ ఇక్కడికే తెస్తాను" అంది.

"అలాగేనమ్మా" అన్నాను.

ఇప్పుడు ఇద్దరం రిటైరైపోయాం. వారానికోసారి వెళ్తాను. భాయ్ వాటికి గింజలు వేసి దిగి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంటాడు, పిల్లలు పెట్టినవి ఏవో, కొత్తగా ఎగరడం నేర్చినవి ఏవో చెబుతాడు. తల మీద అవి కువకువలాడుతూ అటూ ఇటూ నడిచే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఒక్కసారి చూడాలనిపిస్తుంది. లేవను.